కడుపు తీసేశాక

కడుపు క్యాన్సర్ నాలుగో స్టేజికి, అంటే వేరే అవయవాలకు పాకే దశకు వచ్చాక మామూలుగా ఆపరేషన్ జోలికి వెళ్లరు. ఇలా పాకినవాళ్లలో వందకు పదిమంది కూడా ఐదేళ్లు దాటరని అమెరికా లెక్కలు. నాకు లివర్‌లో ఒక్క మచ్చే ఉంది. పైగా బయాప్సీలో హెర్-2 పాజిటివ్ వచ్చింది, అంటే క్యాన్సర్ కణాల మీద ఆ పేరున్న ప్రోటీన్ ఎక్కువగా ఉందన్నమాట. సుమారు ఐదుగురిలో ఒకరికి వస్తుందట. దానికి ట్రాస్టుజుమాబ్ అనే మందుంది. చూడ్డానికొచ్చినవాళ్లు నా గుండెధైర్యాన్ని తెగ మెచ్చుకుంటారు గానీ, ఆ రిపోర్టులో నా ధైర్యమేం లేదు.

కీమోతో పాటే అదీ ఎక్కించారు. గుండె మీద ప్రభావం ఉంటుందని మధ్యమధ్య ఎకో, అంటే గుండె స్కాన్ తీసేవారు. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కిన వారమంతా ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే వేళ్లు జివ్వుమనేవి, చన్నీళ్లు మింగితే గొంతు పట్టేసేది. అంట్లకీ వేణ్నీళ్లే. స్కాన్‌లో మచ్చ బాగా తగ్గి, కొత్తవేవీ లేవని తేలాకే సర్జన్ గారు ఒప్పుకున్నారు. కడుపు మొత్తం తీసేసి అన్నవాహికను చిన్నపేగుకు కలిపారు. లివర్ ముక్క కూడా తీశారు.

అసలు కథ ఇంటికొచ్చాక మొదలైంది. తిన్నది నిలవుండే చోటే లేదు కదా, నేరుగా పేగులోకి దిగిపోతుంది. ఓ పెళ్లిలో పిన్ని బతిమాలిందని గిన్నెడు పాయసం తాగాను. కాసేపట్లోనే ఒళ్లంతా చెమటలు, గుండె దడ, పొట్టలో మెలిపెట్టడం. పందిట్లోనే కూలబడ్డాను. దాన్ని డంపింగ్ అంటారని డైటీషియన్ చెప్పింది. తీపి తగ్గించమంది, అన్నంతో పాటు నీళ్లు తాగొద్దంది. ఇప్పుడు ఒక ఇడ్లీ, రెండు గంటలాగి గుడ్డు, తర్వాత మెత్తగా కలిపిన పప్పన్నం నాలుగు ముద్దలు. "అంతేనా, ఇంకో ముద్ద తినవే" అనేవాళ్లకు జవాబు చెప్పడం మానేశాను.

బి12 సంగతి డిశ్చార్జి రోజు ఎవరూ చెప్పలేదు. తిండిలోని బి12 ఒంటబట్టాలంటే కావలసిన పదార్థం తయారయ్యేది కడుపు గోడల్లోనే. అది లేదు కాబట్టి బతికినంతకాలం బి12 విడిగా తీసుకోవాల్సిందే, నేను ఇంజెక్షన్ వేయించుకుంటున్నాను. పాదాల తిమ్మిరి కీమో మిగిల్చిందే, పూర్తిగా పోలేదు. చెప్పు జారిపోయినా తెలియదు, వెనకనుంచి ఎవరో పిలిచి చెబుతారు.

ఏళ్లు గడిచాయి, స్కాన్లు ఏడాదికోసారికి వచ్చాయి. అందరికీ ఇలా జరగదు, నేనా మాట ఇవ్వలేను. కొత్తగా నాలుగో స్టేజి అని విన్నవాళ్లు ఫోన్ చేస్తే మాత్రం ముందు ఒకటే అడుగుతాను: హెర్-2 పరీక్ష పంపారా? దానికి చాలాసార్లు మళ్లీ ఎండోస్కోపీ అక్కర్లేదు, ల్యాబులో ఉన్న బయాప్సీ ముక్క మీదే చేస్తారు.