తల తిరుగుడూ, పెళ్ళిళ్ళ సీజనూ

పొద్దున్న లేవడమే ఇప్పుడొక పని. ఇదివరకు అలారం మోగగానే దిగ్గున లేచి కూర్చునేదాన్ని. ఇప్పుడు ముందు కళ్ళు తెరిచి, ఫ్యాను ఒక్కటే తిరుగుతోందా గది కూడా తిరుగుతోందా అని చూసుకుని, ఎడమ పక్కకి ఒత్తిగిలి, మోచెయ్యి ఆనించి మెల్లగా లేచి, మంచం అంచున కాసేపు కూర్చుని అప్పుడు దిగుతున్నాను. ఈరోజు ఫ్యాను ఒక్కటే తిరిగింది. హమ్మయ్య.

రాత్రి నానేసిన ధనియాలూ ఎండు ఉసిరిముక్కలూ పిసికి, వడకట్టి, కాస్త పటికబెల్లం కలుపుకుని తాగాను. ఇడ్లీ తిన్నాక తల తిరుగుడుకిచ్చిన బీటాహిస్టిన్ మాత్ర. పరగడుపున వేసుకుంటే కడుపులో మంట, అందుకని తిన్నాకే. ఈ మాత్ర కూడా ఇంకెన్నాళ్ళో అక్కర్లేదన్నారు.

బ్లౌజులకి వచ్చేవాళ్ళందరూ నన్నడిగేది ఒక్కటే, "అక్కా, ఇంగ్లీషు మందుకి తగ్గిందా, ఆయుర్వేదానికి తగ్గిందా?" అని. దేనికి ఏది తగ్గిందో చెబుదామని మొదలెడితే వినే ఓపిక ఎవరికీ ఉండదు, కొలతలిచ్చేసి వెళ్ళిపోతారు. అసలు సంగతేమిటంటే, గది గిర్రున తిరగడం ఆగింది ఏ మందుకీ కాదు.

చెవి లోపల సన్నటి సున్నపు రేణువులుంటాయట, కాల్షియం కార్బొనేట్. అవి ఉండాల్సిన చోటునుంచి ఊడి, పక్కనున్న అర్ధచంద్రాకారపు గొట్టాల్లోకి జారితే, తల కదిలినప్పుడల్లా అవీ కదిలి, మనం తిరిగిపోతున్నామని మెదడుకి తప్పుడు కబురు వెళ్తుంది. పక్క మీద అటూ ఇటూ దొర్లినా, అటక మీది లైనింగు బట్టల కోసం తల పైకెత్తినా, కిందపడ్డ బాబిన్ తీయడానికి వంగినా అంతే. ఒక్క నిమిషం కూడా ఉండదు కానీ ఆ నిమిషంలో ప్రాణం పోయినంత పనవుతుంది. దీన్ని బీపీపీవీ అంటారు. ఈఎన్టీ డాక్టరు నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, తల కుడికి తిప్పి, ఒక్కసారి వెనక్కి పడుకోబెట్టారు, తల బల్ల అంచు దాటి కిందికి వాలేలా. పైకప్పు వచ్చి మీద పడ్డట్టే అనిపించి ఆయన చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను. పక్కనే ఉన్న మా అబ్బాయి తర్వాత చెప్పాడు, "అమ్మా, నీ కళ్ళు రెండూ గుండ్రంగా టకటకా కొట్టుకున్నాయి" అని. డాక్టరు చూసేది దాన్నేనట. అది ఆగాక తల ఎడమకి తిప్పారు, కాసేపాగి ఒళ్ళంతా ఎడమ పక్కకి దొర్లించి ముఖం నేలవైపు పెట్టించారు, మళ్ళీ ఆగి లేపి కూర్చోబెట్టారు. రేణువుల్ని వాటి చోటికి మళ్ళీ జార్చడమన్నమాట. అమెరికాలో జాన్ ఎప్లీ అనే డాక్టరు కనిపెట్టిన పద్ధతి, 1992లో దాని గురించి రాశాడాయన. మాత్రలు వాంతినీ వికారాన్నీ అణచడానికేగానీ రేణువుల్ని జరపలేవని, మత్తునిచ్చే రకాలు ఎక్కువ రోజులు వాడితే బ్యాలెన్సు తిరిగి రావడం ఆలస్యమవుతుందని కూడా చెప్పారు. మాట తడబడినా, ఒకటి రెండుగా కనబడినా, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పినా అది చెవి సంగతి అనుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి పరిగెత్తమన్నారు.

మరి ఆయుర్వేదం ఎందుకూ అంటే, మిషను తొక్కడం ఆపాక కూడా చక్రం కాసేపు తిరుగుతుంది చూడండి, నా పరిస్థితి అది. గది ఆగింది కానీ లోపల ఊగుడు ఆగలేదు. రోడ్డు మీద నడుస్తుంటే తూలుతున్నట్టు, కడుపులో తిప్పినట్టు, ఏం తిన్నా పుల్లటి త్రేన్పులు, రాత్రుళ్ళు మళ్ళీ వస్తుందేమోనన్న టెన్షన్‌తో నిద్రే లేదు. ఇవన్నీ విని ఆయుర్వేదం డాక్టరమ్మ, పిత్తం వాతం రెండూ చెడితే వచ్చే 'భ్రమ' (ఆయుర్వేదంలో తల తిరుగుడుకి పేరు) అని చెప్పి, ఈ ధనియాల నీళ్ళు, రాత్రి పాలల్లో పిల్లిపీచర (శతావరి) చూర్ణం, అతిమధురం కలిసిన ఇంకో పొడి ఇచ్చారు. నిద్రా, కడుపూ దార్లో పడ్డాయి. ఆ మేరకు వాటికి మార్కులు వెయ్యాల్సిందే.

ఆవిడ మీద నాకు నమ్మకం కుదిరింది మాత్రం నస్యం విషయంలో. అణుతైలం ముక్కులో రెండేసి చుక్కలు వెయ్యాలనుకున్నారు. దానికి వెల్లకిలా పడుకుని తల వెనక్కి వాల్చాలి. ఈఎన్టీ బల్ల మీద నాకు తిరుగుడు రప్పించింది సరిగ్గా ఆ భంగిమే! ఆ సంగతి చెప్పగానే ఆవిడ చీటీ మీద ఆ లైను కొట్టేసి, "అది పూర్తిగా తగ్గాక చూద్దాం, ముందు వాళ్ళ పని కానివ్వండి" అన్నారు. ఈఎన్టీ ఆయన కూడా నా పొడుల పేర్లు చదివి, బీపీ ఉందా అని అడిగి, లేదన్నాక సరేనన్నారు. ఇద్దరి చీట్లూ ఒకే కవర్లో పెట్టుకుని తిరగడం వల్ల వచ్చిన లాభం ఇది.

పనికొస్తే, పెళ్ళిళ్ళ సీజను కదా, మగ్గం బ్లౌజులకి లైనింగులు వెయ్యాల్సినవి బొత్తిగా పేరుకుపోయాయి. కుట్టినవి తగిలించే తీగ పైనుండేది, అబ్బాయి దాన్ని ఛాతీ ఎత్తుకి దించాడు. హుక్కులు, కాజాలు పనిపిల్లకి అప్పగించాను. గంటస్తంభం దగ్గర దారం రీళ్ళు కొనాలంటే కూడా పై అరలోవి దింపి చూపించమంటున్నాను, కొట్టతను నవ్వుతున్నాడు. దసరా వెళ్ళిన మంగళవారం మా విజయనగరం పైడితల్లమ్మ జాతరలో సిరిమాను (పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) తిరిగేటప్పుడు, అంత ఎత్తున కూర్చునే పూజారిని ఈ ఏడు తలెత్తి ఎలా చూస్తానో ఆ పైడితల్లమ్మకే తెలియాలి.

మధ్యాహ్నం అత్త వచ్చి నా పొడి డబ్బా చేతిలోకి తీసుకుంది. "నాకూ కళ్ళు తిరిగిపోతన్నాయే అమ్మాయ్, ఓ సెంచాడు ఇయ్యి. సెట్లమందే కదా, ఏటవుద్ది?" అంది. వద్దత్తా అంటే కోపం. తనకి బీపీ ఉంది, నీళ్ళమాత్ర (మూత్రం ఎక్కువ పోయించేది) కలిసిన గోలీ వేసుకుంటుంది. అతిమధురం రోజూ పడితే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం పడిపోతుంది, నీళ్ళమాత్ర కూడా పొటాషియాన్ని లాగేసేదే. డాక్టరమ్మ నన్ను కూడా బీపీ ఉందేమోనని అడిగాకే అది రాసిచ్చారు.

అసలెప్పుడు తిరుగుతోందని అడిగాను. పడుకున్నప్పుడు లేదు, పక్కకి తిరిగినా లేదు, లేచి నిలబడితేనేనట, గది తిరగదట, కళ్ళు చీకట్లు కమ్ముతాయట. నాది అలా కాదే అనిపించి అబ్బాయిని బీపీ మిషను తెమ్మన్నాను. పడుకోబెట్టి చూస్తే పైది 138, నిలబెట్టి రెండు నిమిషాలాగి చూస్తే 112. నిలబడగానే పైది 20 గానీ అంతకన్నా ఎక్కువగానీ పడిపోతే డాక్టరుకి చూపించాలి. దానికి నా ధనియాల నీళ్ళూ వద్దు, ఎప్లీ తిప్పుడూ వద్దు, బీపీ గోలీ సంగతి దాన్ని రాసినాయనే తేల్చాలి. మన అంతట మనం ఆపెయ్యకూడదు కూడా. అదే చెబితే, "అందుకే కాబోలు మొన్న బాత్రూములో గోడట్టుకున్నాను" అంది తాపీగా! ఇన్నాళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదు.

పక్కింటి వదిన సాయంత్రం ఓ పొట్లం తెచ్చింది, ఎవరికో దీంతో మూడు పూటల్లో తగ్గిపోయిందని. పొట్లం మీద పేరు లేదు, ఏముందో లేదు, ఎర్రటి పొడి. ఆయుర్వేదంలోని రసౌషధాల్లో పాదరసం కలిసినవి ఉంటాయి, అవి వైద్యులు చూసి మోతాదు కట్టి ఇవ్వాల్సినవి. అలాంటిదో కాదో కూడా తెలియని దాన్ని నోట్లో ఎలా వేసుకుంటాం? తెచ్చినందుకు టీ ఇచ్చి, పొట్లం తిరిగిచ్చేశాను. మొహం ముడుచుకుంది. ముడుచుకోనీ, రేపు తన కూతురి బ్లౌజు డెలివరీ ఉంది, ఎలాగూ వస్తుంది.

రేపు పదకొండింటికి అత్తని బీపీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. గోలీల అట్టలన్నీ, ఈరోజు రాసుకున్న రెండు రీడింగులూ కవర్లో పెట్టాను. అబ్బాయి కాలేజీకి సెలవు పెట్టనంటున్నాడు, ఆటో మాట్లాడుకోవాలి.