విజ్లీ మాగ్నోలియా, వంటింటి ఉల్లిపాయ

ఎవరైనా శాస్త్రవేత్త గురించి తరగతిలో మాట్లాడమంటే మా అమ్మాయి వృక్షశాస్త్రవేత్త జానకీ అమ్మాళ్‌ను ఎంచుకుంది. నేను చెప్పిన పేరు కాదు. మార్చిలో ఇక్కడ ఇంగ్లండ్‌లో, సర్రేలోని విజ్లీ తోటకు వెళ్లినప్పుడు ఒక తెల్ల మాగ్నోలియా పూలచెట్టు ముందు ఆగి, పలక మీద 'జానకీ అమ్మాళ్' అన్న రకం పేరు చదివి "అమ్మా, ఇది మన పేరు!" అని అరిచింది. చిక్కల్లా 'ళ'తోనే. 'అమ్మాల్' అనేది. తాళం, గోళం, కొళాయి అంటూ మూడు రోజులు వంటింట్లో సాధన.

ఫోనులో మా అమ్మ మొదటి ప్రశ్న, "తెలుగావిడేనా?" కాదు, 1897లో తలశ్శేరిలో పుట్టిన మలయాళీ అన్నాను. చెరకు మాట ఎత్తేసరికి మళ్లీ హుషారొచ్చింది. మా ఊళ్లో 'కో' అంటూ మొదలయ్యే చెరకు రకాలుండేవి. ఆ 'కో' కోయంబత్తూరే. 1934 నుంచి కొన్నేళ్లు అక్కడి చెరకు పరిశోధన కేంద్రంలో జానకి చెరకును మొక్కజొన్నతో కూడా సంకరం చేసి, పుట్టిన మొక్కల కణాల్లో క్రోమోజోములు లెక్కపెట్టారు.

ఆ లెక్క చూపిద్దామని ఉల్లిపొర ఒలిచి, అయోడిన్ చుక్క వేసి, బొమ్మలాంటి మా మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఇటుక గోడలా కణాలు, ఒక్కోదానిలో ఒక చుక్క. "క్రోమోజోములేవి?" అంది. విభజన జరుగుతున్న కణాల్లోనే అవి విడిగా తెలుస్తాయి. అందుకు వేరు కొన కావాలి, ఇంతకంటే మంచి మైక్రోస్కోప్ కావాలి. జానకి అలాంటి లెక్కలెన్నో కూర్చి 1945లో బ్రిటిష్ శాస్త్రవేత్త డార్లింగ్టన్‌తో కలిసి సాగు మొక్కల క్రోమోజోముల పట్టికను పుస్తకంగా తెచ్చారు.

విజ్లీలో జానకి మాగ్నోలియా మొలకలకు కొల్చిసిన్ అనే మందు పట్టించారు. కణం రెండుగా చీలకుండా అది ఆపుతుంది, క్రోమోజోములు మాత్రం రెట్టింపవుతాయి: 38 కాస్తా 76. రెండు దేశాల పిల్లలకు ఇదే పోలిక అనబోయి ఆగాను. అది మందు ప్రభావం. మా పిల్లకు 'ళ' పలకడానికే మూడు రోజులు పట్టింది.

"మరి 1951లో వెనక్కి ఎందుకు వెళ్లారు?"

"భారత వృక్షశాస్త్ర సర్వేను తీర్చిదిద్దమని నెహ్రూ పిలిచారు."

"మనల్ని ఎవరూ పిలవలేదా?"

"అమ్మమ్మ ప్రతి ఆదివారం పిలుస్తూనే ఉంది" అన్నాను.