తెల్లగోడ ముందు తీయని ఫొటో

జర్మనీలో హోఫ్ పట్నం నుంచి కారులో అరగంట లోపే మోడ్లారాయిట్ వచ్చేసింది. పట్టుమని యాభై మంది ఉండే పల్లె. ఊరి నడుమ టన్‌బాఖ్ అనే వాగు, ఒక్క గెంతులో దాటేయొచ్చు. ఇటు బవేరియా రాష్ట్రం, అటు తురింగియా రాష్ట్రం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇటు అమెరికా సైన్యం, అటు సోవియట్ సైన్యం కూర్చోవడంతో పాత పొలిమేర కాస్తా పశ్చిమ జర్మనీ, తూర్పు జర్మనీ అనే రెండు దేశాల సరిహద్దయింది. 1952లో కంచె వేశారు. 1966లో ఊరి మధ్యన 700 మీటర్ల కాంక్రీటు గోడ లేచింది. తూర్పు వైపు వాళ్లు అవతలున్న చుట్టాలకు చెయ్యి ఊపడం కూడా నిషేధమే.

1990 జూన్ 17న గోడను కూల్చేసినా, ఒక ముక్కను మ్యూజియం కోసం ఉంచారు. మబ్బు పట్టిన నవంబరు మధ్యాహ్నం. కెమెరా ఆ గోడ తెలుపును బూడిద రంగులోకి దించేస్తుంటే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచాను, అంటే కెమెరాలోకి వెలుగు రెట్టింపు రానిచ్చాను.

"అన్నా, నాది ఒకటి తీయవా" అంటూ తమ్ముడు నల్ల జాకెట్‌తో గోడ ముందు నిలబడ్డాడు. వ్యూఫైండర్‌లో వాడి భుజాలు, చెవులు, వేళ్లు కూడా గీత గీసినట్టు కనిపించాయి. స్టూడియోలో తెల్ల తెర కట్టేది అందుకే కదా! సరిహద్దు గోడలకు తూర్పు వైపున తెల్ల రంగు వేసిందీ అందుకేనని అప్పుడు గుర్తొచ్చింది. పారిపోయేవాడి ఆకారం కాపలావాడి కంటికి చిక్కాలని. నా వేలు బటన్ మీద కదల్లేదు. "ఇక్కడ వద్దురా, రా" అన్నాను. ఈ గోడ దాటి బయటపడినవాడు ఒక్కడే. 1973లో ఒక డ్రైవరు, బండి మీద నిచ్చెన వేసుకుని.

ఊరు దాటాక గస్తీ బండ్ల బాట దొరికింది. చిల్లులున్న కాంక్రీటు పలకలు రెండు వరసలుగా పొలాల వెంట పోతాయి. నాకు గోడకన్నా ఇవే ఎక్కువ మాట్లాడాయి. ప్రతి చిల్లులోనూ గడ్డి, అంచుల్లో నాచు. నలభై ఏళ్లు నాగలి పడని ఈ పాత సరిహద్దు పట్టీలో అరుదైన పక్షులు గూళ్లు కట్టుకున్నాయి. అందుకే ఇప్పుడు దీన్ని 1,393 కిలోమీటర్ల 'పచ్చ పట్టీ'గా కాపాడుతున్నారు. నాలుగింటికి మబ్బు చీలి ఏటవాలు వెలుగు పడగానే ఒక్కో చిల్లూ నీడతో లేచింది. నేల మీద పడుకుని తీశాను.

గోడ ఫొటోల్లో ఒక్కదానిలోనూ మనిషి లేడు. పలకల మీద మాత్రం తమ్ముడున్నాడు, వంగి బూటు లేసు కట్టుకుంటూ.