రెండు పాచికలు, 56 ఫైట్లు: నా అనుభవం

కిందటి వానాకాలం స్కూటర్ మీంచి జారి చీలమండ విరగ్గొట్టుకున్నాను. ఆరు వారాలు కట్టు. మొదటి వారం టీవీతో గడిచింది. రెండో వారానికి టీవీ మొహం చూస్తేనే చిరాకు. ఓ రాత్రి నిద్రపట్టక ఫోన్‌లో పాత బాక్సింగ్ ఫిల్ములు చూస్తుంటే 1909 నాటి జాక్ జాన్సన్, స్టాన్లీ కెచెల్ ఫైట్ తగిలింది. కెచెల్ మిడిల్‌వెయిట్, అంటే మధ్య బరువు తరగతి. జాన్సన్ అన్నిటికన్నా పై బరువు తరగతి హెవీవెయిట్‌లో ఛాంపియన్. పక్కపక్కన నిలబడితే అన్న, తమ్ముడిలా ఉన్నారు. పన్నెండో రౌండ్లో ఆ తమ్ముడు అన్నను కింద పడేశాడు. అన్న లేచి కొట్టిన దెబ్బకు తమ్ముడు మళ్లీ లేవలేదు. అది పదిసార్లు చూసి ఉంటాను.

చిన్నప్పుడు సోషల్ పుస్తకం పేజీలు తిప్పి బుక్ క్రికెట్ ఆడిన చెయ్యి ఊరుకోదు కదా. మర్నాడు మా మేనల్లుణ్ణి పిలిచి లాంగ్ నోట్‌బుక్కు ఒకటీ, వైకుంఠపాళి డబ్బాలోంచి రెండు పాచికలూ తెమ్మన్నాను. వాడు ఇంటర్ పరీక్షలు అయిపోయి ఖాళీగా ఉన్నాడు.

పాచికలతో బాక్సింగ్ ఆడించడానికి ఆ కాలపు బాక్సర్లు ఎనిమిది మందిని తీసుకున్నాను. కెచెల్, బిల్లీ పాప్కీ, ఫ్రాంక్ క్లాస్, జార్జ్ చిప్, మైక్ ఓడౌడ్. ఆస్ట్రేలియా కుర్రాడు లెస్ డార్సీ. కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టిన శామ్ లాంగ్‌ఫర్డ్. ఎనిమిదో పేరు దొరక్క అల్ మెకాయ్‌ని వేశాను. చిప్ దగ్గర టైటిల్ గుంజుకున్నాడని తప్ప అతని గురించి అప్పటికి నాకేమీ తెలీదు. ప్రతి ఒక్కరికీ మూడు అంకెలు: దెబ్బ, ఓర్పు, దమ్ము. హెవీవెయిట్‌నే పడగొట్టినవాడు కాబట్టి కెచెల్ దెబ్బకు 9. బరువు అందరికీ అప్పటి లెక్క ప్రకారం 158 పౌండ్లు, అంటే మన లెక్కలో 72 కిలోలకి కాస్త తక్కువ.

రౌండుకి ఇద్దరూ చెరోసారి రెండేసి పాచికలు వెయ్యాలి. పడిన దానికి మన దెబ్బ కలిపి, అవతలివాడి ఓర్పు తీసేస్తే 11 దాటితే అవతలివాడు కింద పడ్డట్టు. పడ్డవాడు మళ్లీ పాచికలు వేస్తాడు. తన దమ్ము కంటే ఎక్కువ పడితే ఇక లేవడు. వినడానికి బావుంది. ఆడితే ఘోరం. పరీక్షగా కెచెల్, పాప్కీ నిజంగా ఆడిన నాలుగు ఫైట్లనీ అయిదేసి సార్లు ఆడి చూశాం. 20లో 17 ఆరో రౌండు దాటలేదు. 1908లో వాళ్లు మూడుసార్లు తలపడితే మిల్వాకీలో పది రౌండ్లూ ఆడారు, లాస్ ఏంజెలెస్ దగ్గర వెర్నన్‌లో పన్నెండో రౌండ్లో పాప్కీ గెలిచాడు, కోల్మాలో పదకొండో రౌండ్లో కెచెల్ టైటిల్ వెనక్కి లాక్కున్నాడు. మరుసటి ఏడు జులైలో అదే కోల్మాలో ఇరవై రౌండ్లు పోరాడి మళ్లీ కెచెలే గెలిచాడు. అలాంటి మనుషుల్ని నేను వీధి కొట్లాటలో తాగుబోతుల్లా పడగొట్టేస్తున్నాను.

11ని 14 చేశాను. ఇప్పుడు మెకాయ్‌లాంటి వాడు ఎవర్నీ పడగొట్టలేడు, అతను ఆడటమే దండగ. నాలుగు రోజులు కొట్టుకున్నాక మేనల్లుడు చెప్పిన కిటుకు పెట్టాను: రెండు ఆరులు పడితే అంకెలతో పనిలేదు, ఎవరు ఎవరినైనా పడేస్తారు. మళ్లీ 20 ఆడితే కెచెల్ 13, పాప్కీ 7. ఇక చాలనుకున్నాను.

ఇంకో నియమం ఒక పాత ఫైట్ నుంచి వచ్చింది. 1909 మార్చిలో న్యూయార్క్‌లో ఫిలడెల్ఫియా జాక్ ఓబ్రయన్‌ని కెచెల్ పదో రౌండు చివర్లో పడేశాడు. తల, బూట్లు జారకుండా రాసుకునే రెసిన్ పొడి పెట్టెలో పెట్టుకుని స్పృహ లేకుండా పడి ఉన్నాడు ఓబ్రయన్. రిఫరీ పది లెక్కపెట్టడం పూర్తవకముందే ఫైట్ సమయం అయిపోయిందని గంట కొట్టారు. నాకౌట్ కాదన్నమాట! అందుకని, ఆఖరి రౌండ్లో ఎవరైనా పడితే ఒక్క పాచిక వెయ్యాలి, ఆరు పడితే గంట కొట్టినట్టు.

సీజన్‌ని రెండు ముక్కలు చేశాను. ప్రతి ఒక్కరూ మిగతా ఏడుగురితోనూ రెండేసి సార్లు ఆడతారు, మొత్తం 56 ఫైట్లు. మొదటి 28 కాలిఫోర్నియా పద్ధతి: ఇరవై రౌండ్లు, చివర రిఫరీ చెయ్యెత్తి విజేతను చెబుతాడు. రెండో 28 న్యూయార్క్ పద్ధతి. అక్కడ 1911లో వచ్చిన ఫ్రాలీ చట్టం పది రౌండ్ల ఫైట్లు ఒప్పుకుంది గానీ రిఫరీ తీర్పు చెప్పడానికి ఒప్పుకోలేదు. పందేలు జరుగుతాయని భయం. జనం ఆగుతారా? మర్నాడు పొద్దున్న పేపర్లో ఎవరు బాగా ఆడారని రాస్తే దాని మీద డబ్బులు పంచుకునేవాళ్లు. టైటిల్ మాత్రం నాకౌట్ అయితేనే చేతులు మారుతుంది. మా ఇంట్లో పేపరు పని మేనల్లుడిది. పాయింట్లు కూడి, వార్తలు చదివేవాడిలా గొంతు పెట్టి చెప్పేవాడు.

మొదటి సగం పండగే. టైటిల్ అయిదుసార్లు మారింది. లాంగ్‌ఫర్డ్ పద్నాలుగో రౌండ్లో కెచెల్‌ని పడేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిజంలో లాంగ్‌ఫర్డ్‌కి ఎవరూ మిడిల్‌వెయిట్ టైటిల్ ఫైట్ ఇవ్వలేదు, నల్లవాడు కాబట్టి. 1910 ఏప్రిల్లో ఫిలడెల్ఫియాలో కెచెల్‌తో ఆడాడు గానీ అది ఆరు రౌండ్ల తీర్పులేని ఫైట్. ఆ అక్టోబరులో మిస్సోరీలో ఒక పొలంలో కెచెల్‌ని కాల్చి చంపేశారు, 24 ఏళ్లకే. మిడిల్‌వెయిట్ టైటిల్ ఒక నల్ల మనిషికి దక్కడానికి 1926లో టైగర్ ఫ్లవర్స్ దాకా ఆగాల్సి వచ్చింది. డార్సీది ఇంకో దిగులు. 1916లో సిడ్నీలో చిప్‌ని తొమ్మిదో రౌండ్లో కూలగొట్టి, టైటిల్ కోసం దొంగచాటుగా ఓడెక్కి అమెరికా పోయాడు. యుద్ధానికి భయపడి పారిపోయి వచ్చాడని అక్కడ ఫైట్లు ఆడనివ్వలేదు. మరుసటి మేలో మెంఫిస్‌లో జబ్బుచేసి పోయాడు, 21 ఏళ్లు. నా నోట్‌బుక్కులో అతను రెండు వారాలు ఛాంపియన్‌గా ఉన్నాడు.

అర్ధరాత్రి పాచికల చప్పుడుకి మా ఆవిడ లేచొచ్చి, "చచ్చిపోయినోళ్లని ఇంకా కొట్టిస్తూనే ఉన్నారా?" అని లైటు ఆర్పేసింది.

రెండో సగం మొదలయ్యేసరికి టైటిల్ తిరిగి కెచెల్ దగ్గరికొచ్చింది. మొదటి ఫైట్ మెకాయ్‌తో. మొదటి రౌండ్, మెకాయ్‌కి రెండు ఆరులు. కెచెల్ దమ్ము 9, లేవడానికి వేస్తే 11 పడింది. అయిపోయింది. మేనల్లుడు నోరు తెరిచాడు. ఆ తర్వాత అయిదు ఫైట్లలో మెకాయ్ నాలుగు "పేపర్లో" ఓడిపోయాడు, ఒకటి సమానం. అయినా ఎవరూ అతన్ని పడేసి లెక్క పూర్తి చేయించలేకపోయారు.

"అదేంటి మామయ్యా, వాడు ఓడిపోతూనే ఉన్నాడు, ఛాంపియనేనా?"

నాకూ ఒళ్లు మండింది. నా లెక్కలోనే బొక్క ఉందనుకుని మెకాయ్ ఓర్పులోంచి రెండు తగ్గించడానికి రబ్బరు తీశాను. "మధ్యలో మార్చకూడదు" అని వాడు నోట్‌బుక్కు లాక్కున్నాడు. సరే, అసలు ఈ మనిషి ఎవరని అప్పుడు కూర్చుని వెతికాను.

1914 ఏప్రిల్ 6, బ్రూక్లిన్. చిప్ ఆ రాత్రి ఆడాల్సినవాడే కాదు. జబ్బుపడ్డ తమ్ముడు జో బదులు ఎక్కాడు. మెకాయ్ ఎడమచేతి వాటం మనిషి, మొదటి రౌండ్లోనే చిప్‌ని పడేశాడు. తర్వాత మూడేళ్ల ఏడు నెలలు తీర్పులేని ఫైట్లు ఆడుతూ, పేపర్లలో ఓడిపోతూ, టైటిల్ దగ్గరే పెట్టుకున్నాడు. పేపర్లవాళ్లు విసిగి "చీజ్ ఛాంపియన్", అంటే పనికిమాలిన ఛాంపియన్ అని పేరు పెట్టారు. 1917 నవంబరులో ఓడౌడ్ ఆరో రౌండ్లో నాకౌట్ చేస్తే గానీ వదల్లేదు. నేను రబ్బరుతో చెరపబోయింది నా తప్పు కాదు, ఆ ఫ్రాలీ చట్టం చేసిన పని. రబ్బరు పక్కన పెట్టేశాను.

మెకాయ్‌కి ఆఖరి ఫైట్ కూడా ఓడౌడ్‌తోనే పడింది. అప్పటికి నా కట్టు విప్పడానికి రెండు రోజులుంది. తొమ్మిది రౌండ్లు అయ్యాయి, ఓడౌడ్ పేపర్లో బోలెడు ముందున్నాడు. పదో రౌండ్. ఓడౌడ్‌కి పది పడితే చాలు. మేనల్లుడు ఊపుగా విసిరితే ఒక పాచిక చాపమీద అయిదు చూపించి ఆగింది, రెండోది దొర్లుకుంటూ ఫ్రిజ్ కిందకి పోయింది. చాప దాటినది మళ్లీ వెయ్యాలని మా నియమం. నేను వంగలేను. వాడు పడుకుని చెయ్యి పెడితే అందలేదు. మా ఆవిడ చీపురు తిరగేసి, బూజుతో సహా పాచికని లాగి, "ఇదేనా?" అని చాపమీదకి విసిరింది.

అయిదు. మెకాయ్ కింద.

"అత్తయ్యా, ఇంకొక్కసారి వెయ్యి, గంట కోసం" అన్నాడు వాడు. ఆమె పైట చెంగుతో పాచికని తుడిచి వేసింది. ఆరు పడింది.

"ఏంటి, ఇద్దరూ అలా అయిపోయారు? ఇంతకీ ఎవరు గెలిచారు?"

"ఎవరూ గెలవలేదు."

"మరి టైటిల్?"

"మెకాయ్‌దే" అన్నాను. ఆమె చీపురు గోడకి ఆనించి, పాల గిన్నె పొయ్యి మీద ఉందని వంటింట్లోకి పరిగెత్తింది.