లేపాక్షి స్తంభం, వీరాపురం కొంగలు

మార్చిలో ఒక ఆదివారం నాయనను లేపాక్షికి తీసుకుపోయినాను. అనంతపురం నుంచి చీకటితోనే బయలుదేరినా, హిందూపురంలో టిఫిన్ దగ్గరే గంట పోయింది. వీరభద్రుని గుడిలో వేలాడే స్తంభం చుట్టూ ఎప్పటిలాగే జనం. నేలకు ఆనీ ఆనని ఆ రాతి కింద ఒక వైపు నుంచి గుడ్డ తోసి ఇంకో వైపు లాగాలి. నాయన కూడా భుజం మీది టవాలు తీసి వంగినాడు. గుడ్డ సులువుగానే దాటింది. లేవడమే కష్టమైంది.

"కండ్లు తిరుగుతాండాయి రా" అని పక్క స్తంభం పట్టుకున్నాడు. నాకు ఒళ్లు చల్లబడింది. మండపం గట్టు మీద కూర్చోబెట్టి నీళ్లు తాపితే ఐదు నిమిషాల్లో తేరుకున్నాడు. ఆయన రోజూ బీపీ మాత్ర వేసుకుంటాడు. గబుక్కున లేస్తే రక్తం కాళ్లలోకి జారుతుంది. మెడ ధమనుల్లో ఒత్తిడిని కనిపెట్టే నరాలు వెంటనే గుండెను తొందరపెట్టాలి. వయసు మీద పడితే ఆ పని నెమ్మదిస్తుంది, కొన్ని మాత్రలతో ఇంకా నెమ్మదిస్తుంది.

"మనిషికే ఇట్లుంటే జిరాఫీ గతేమి?" అన్నాడు నాయన. నేను బడిలో జీవశాస్త్రం చెప్తానని ఆయనకు నా మీద ఇట్లాంటి ప్రశ్నల హక్కు ఉంది.

వీరాపురం పోయే దారిలో చెప్పినాను. రక్తాన్ని ఒక మీటరు పైకి ఎక్కించాలంటే దాదాపు 77 మిల్లీమీటర్ల పాదరసమంత ఒత్తిడి ఖర్చవుతుంది. జిరాఫీ తల గుండెకు సుమారు రెండు మీటర్ల పైన ఉంటుంది కాబట్టి ఎక్కడానికే 150 పోతుంది. అందుకే దాని గుండె దగ్గర బీపీ మనకు దాదాపు రెట్టింపు. గుండె ఎడమ గది గోడ అంత మందంగా ఉండేది ఆ బరువు తోయడానికే. మరి అంత ఒత్తిడికి కాళ్లు వాచిపోవా? వాచవు. కాళ్ల చర్మం బిగుసుకున్న మేజోడు లెక్క పట్టి ఉంచుతుంది.

"నీళ్లు తాగను వంగితే?"

అసలు కష్టం అప్పుడే. తల గుండె కన్నా కిందికి పోతుంది. మెడ సిరల్లో ఉన్న కవాటాలు రక్తాన్ని వెనక్కి తలలోకి పారనీయవు. మెదడు అడుగున సన్నని రక్తనాళాల వల ఒకటుంది, దాన్ని అద్భుత జాలం అంటారు. ఒత్తిడి ఎగుడుదిగుళ్లను అది తట్టుకుంటుందని చాలాకాలంగా చెప్తున్నారు.

"దానికి మాత్ర ఇచ్చేవాళ్లే లేరన్నమాట" అని నవ్వినాడు.

వీరాపురంలో ఊరి మధ్య చింతచెట్ల నిండా ఎర్రకాళ్ల కొంగలు. పిల్లల అరుపులు, రెట్టల వాసన. ఏటా వచ్చి గూళ్లు కట్టుకునే ఈ పక్షులను ఊరివాళ్లు చుట్టాలుగానే చూస్తారు. ఒక తల్లి కొంగ మెడ పూర్తిగా వంచి గూట్లో పిల్లల ముందు చేప కక్కింది, చటుక్కున లేచి నిలబడింది. మళ్లీ వంగింది.

నాయన చాలాసేపు దాన్నే చూసినాడు. తరవాత, కిందపడిన టవాలు తీయమని నాకు చెప్పినాడు.