క్లిప్పులూ, చేపనూనె గోళీలూ

34 ఏళ్లకి పళ్లకి క్లిప్పులు వేయించుకున్నాను. "పెళ్లయిపోయిందిగా, ఇప్పుడెందుకే?" అంది అమ్మ. అది వేరే కథ.

నిన్న వైరు బిగించే ముందు డాక్టరుగారు "మందులేమైనా వాడుతున్నారా?" అన్నారు. లేదన్నాను. బ్యాగులోంచి కళ్లజోడు తీస్తుంటే చేపనూనె గోళీల డబ్బా జారి కుర్చీ కిందికి దొర్లింది. "మరి ఇదేంటమ్మా?" నా లెక్కలో అది మందు కాదు. ఆదివారం పాలల్లో కలుపుకునే 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి కూడా కాదు. (8 వారాల కోర్సు ఎప్పుడో అయిపోయింది. నేనే సాగదీస్తున్నా. దానికి చీవాట్లు పడ్డాయి.)

వైరు లాగితే పన్ను ఊరికే జరగదట. ఒత్తిడి పడే వైపు ఎముక కరగాలి, రెండో వైపు కొత్తది పుట్టాలి. ఆ కరగడానికి కాస్త వాపు కావాలి. చేపనూనెలో ఉండే ఒమేగా-3 కొవ్వు వాపును తగ్గించే రకం. ఎలుకలకి ఇచ్చి చూస్తే పన్ను నెమ్మదిగా జరిగింది. విటమిన్ డిని పంటి దగ్గర సూదితో ఇస్తే జంతువుల్లో వేగం పెరిగింది. మనుషుల్లో ఇంకా గట్టిగా తేలలేదు.

"చేపనూనె మానక్కర్లేదు, నాకు చెప్పండి చాలు. నొప్పికి మాత్రం ఐబుప్రోఫెన్ వద్దు, అదీ వాపు తగ్గించేదే. పారాసెటమాల్ వేసుకోండి" అన్నారు.

రాత్రి పెరుగన్నం మెత్తగా పిసుక్కుని తిన్నాను. ఆవకాయ ముక్క చూస్తూ కూర్చోవడమే.