రోజువారీ పనులకు లినక్స్ సరిపోతుందా?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 కోరే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేదన్న ఒక్క కారణంతో, చక్కగా పనిచేస్తున్న కంప్యూటరును మూలన పడేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. బ్రౌజర్, ఈమెయిల్, వీడియోలు, కొద్దిపాటి రాతకోతలతో పని గడిచిపోయేవారికి విండోస్‌కు బదులుగా వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో మింట్ వంటి రకాలు ఎప్పుడో సిద్ధమయ్యాయని నా నమ్మకం. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, వైఫై, ప్రింటర్, ధ్వని సరిగా ఉన్నాయో లేదో ముందే చూసుకునే వీలుండటం చిన్న సౌకర్యం కాదు.

2018లో వాల్వ్ సంస్థ తెచ్చిన ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ పుణ్యమా అని విండోస్ ఆటలు అనేకం లినక్స్‌లోనూ నడుస్తున్నాయి, కానీ మోసాలను పట్టే యాంటీచీట్ వ్యవస్థల కారణంగా కొన్ని ఆన్‌లైన్ ఆటలు నడవవు.

అసలు చిక్కు వృత్తిపరమైన సాఫ్ట్‌వేర్‌తోనే వస్తుంది. ఫోటోషాప్‌కు లినక్స్ వెర్షన్ లేదు. దానికి బదులుగా వాడుకోగల గింప్ సమర్థమైనదే అయినా, ఏళ్ల తరబడి ఒక పద్ధతికి అలవాటుపడినవారిని మొదటి నుంచి నేర్చుకోమనడం న్యాయం కాదు. వర్డ్‌లో తయారైన పత్రాన్ని లినక్స్‌లో దానికి బదులుగా వాడే లిబ్రేఆఫీస్‌లో తెరిచినప్పుడు, అదే ఫాంటు లేకపోతే పేజీల అమరిక చెదిరిపోవచ్చు. రోజూ ఇతరులతో అటువంటి పత్రాలు పంచుకునేవారు విండోస్‌ను పూర్తిగా తొలగించకుండా, రెండింటినీ పక్కపక్కనే ఉంచుకోవాలని నేను గట్టిగా చెబుతాను.